ప్రెషర్ 14 ఉంది, కళ్ళు మాత్రం మండుతున్నాయి

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్ళు. ఖమ్మం దగ్గర పల్లెలో ఉంటుంది, షుగర్ ఉంది. రెండు కళ్ళలోనూ నీటికాసులు, అంటే గ్లకోమా ఉందని నాలుగేళ్ళ కిందట తేలింది. రాత్రి పడుకునే ముందు లాటనోప్రోస్ట్ ఒకసారి, టిమోలాల్ రోజుకు రెండుసార్లు వేస్తున్నాం. ఏడాది కిందట బ్రిమోనిడిన్ కూడా రెండుసార్లు కలిపారు. పోయిన నెల చెకప్‌లో రెండు కళ్ళలోనూ ప్రెషర్ 14, అంతా బాగుందన్నారు. అమ్మకు మాత్రం ఏమీ బాగాలేదు. ఇసుక పోసినట్టు గరగర, సాయంత్రమయ్యేసరికి మంట, ఊరికే నీళ్ళు కారడం. ఆరు నెలలుగా రెప్పలు ఎర్రబడి దురద కూడా మొదలైంది. పొడి కళ్ళకని మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు రోజుకు నాలుగుసార్లు వేస్తున్నాం. అదే షాపులో ఎరుపు తగ్గడానికని ఇంకో సీసా ఇచ్చారు. పదిహేను రోజులుగా రోజుకు మూడుసార్లు వేస్తుంటే దాంతోనే కాస్త నయంగా ఉందంటోంది. మంటకు భయపడి వారంలో రెండు మూడు రాత్రులు లాటనోప్రోస్ట్ మానేస్తోందని మొన్ననే తెలిసింది. డాక్టరుకు చెప్పొద్దంటోంది. జబ్బు ముదురుతోందా, మందులే పడటం లేదా? ఓ వారం అన్నీ ఆపి చూడొచ్చా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాం. గ్లకోమా చుక్కలు వేటినీ సొంతంగా ఆపకండి. తేల్చాల్సింది ఎరుపు తగ్గడానికని షాపులో ఇచ్చిన సీసా సంగతి. దాని గురించి కింద వివరంగా ఉంది. ఈలోగా ఇంట్లో ఉన్న అయిదు సీసాల లేబుళ్ళనూ ఫొటో తీసి పంపమని అమ్మగారి దగ్గర ఉన్నవాళ్ళకు చెప్పండి.

జబ్బు ముదరడం వల్ల ఇలాంటి మంట రాదు. నీటికాసులు దెబ్బతీసేది కంటి వెనక ఉండే చూపు నరాన్ని. ఎక్కువమందిలో కనిపించే రకంలో నొప్పి, ఎరుపు, దురద ఏవీ ఉండవు. పక్కచూపు బాగా తగ్గేదాకా మనిషికి తెలియకపోవడానికి కారణం అదే. అమ్మగారిని బాధపెడుతున్నది కంటి ముందు భాగం. నల్లగుడ్డు పైపొర, తెల్లగుడ్డును కప్పిన పలుచని పొర, రెప్పల అంచులు, వీటన్నిటినీ తడిపే కన్నీరు అన్నమాట. ఏళ్ళ తరబడి గ్లకోమా చుక్కలు వేసుకునేవాళ్ళను పరీక్షించిన అధ్యయనాల్లో చాలావాటిలో సగానికి అటూ ఇటూగా ఈ బాధ కనిపించింది. సీసాల సంఖ్య పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది. రద్దీగా ఉండే ఓపీలో ప్రెషర్ అంకె చూసి పంపేస్తారు, రోగి నోరు తెరిచి చెబితే తప్ప ఇది బయటపడదు.

సీసాలో మందొక్కటే లేదు

చుక్కల సీసా ఒకసారి మూత తీశాక నెల రోజులు వాడతాం. ఆ నెలలో లోపల సూక్ష్మజీవులు పెరగకుండా ఒక రసాయనం కలుపుతారు. ఎక్కువ సీసాల్లో అది బెంజాల్కోనియం క్లోరైడ్. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ‘ప్రిజర్వేటివ్’ అన్న మాట పక్కన కనిపిస్తుంది, 0.004 నుంచి 0.02 శాతం దాకా. ఆస్పత్రుల్లో బల్లలు తుడిచే క్రిమిసంహారకాల్లో కొన్ని ఇదే కుటుంబానికి చెందినవి. ఇది సబ్బులా పనిచేస్తుంది, సూక్ష్మజీవి పైపొరను చెదరగొట్టి చంపుతుంది. చిక్కేమిటంటే సబ్బుకు జిడ్డు తెలుసు గానీ అది ఎవరి జిడ్డో తెలియదు.

కన్నీరంటే ఉత్త నీళ్ళు కాదు. పైన పాల మీద మీగడలా సన్నటి నూనె పొర, మధ్యలో నీరు, అడుగున జిగురు ఉంటాయి. నూనె ఉంటేనే నీరు ఆవిరైపోదు, జిగురు ఉంటేనే నీరు గుడ్డుకు అంటుకుని నిలుస్తుంది. బెంజాల్కోనియం పైనున్న నూనెను విరిచేస్తుంది, జిగురు తయారుచేసే కణాలను తగ్గిస్తుంది, నల్లగుడ్డు పైపొర కణాల మధ్య అతుకులను వదులు చేస్తుంది. ఒక్క చుక్కతో ఏమీ కాదు. రోజూ ఎన్నోసార్లు, ఏళ్ళ తరబడి పడుతుంటే మాత్రం పైపొర కోలుకునేలోపే తర్వాతి చుక్క వచ్చిపడుతుంది.

‘పొడి కళ్ళంటున్నారు, మరి నీళ్ళెందుకు కారుతున్నాయి?’ అని చాలామంది అడుగుతారు. నూనె పొర చెదిరి కన్నీరు త్వరగా ఆరిపోతే నల్లగుడ్డు మీద ఎండిన చోట్లు ఏర్పడతాయి. అక్కడి నరాలు రేగి ఒక్కసారిగా నీళ్ళు వదులుతాయి. ఉల్లిపాయ కోసినప్పుడు వచ్చే నీళ్ళలాంటివే ఇవి. చెంప మీదికి జారిపోతాయి తప్ప కంటి మీద నిలవవు.

ఇప్పుడు మీ ఉత్తరంలోని లెక్కే వేసి చూద్దాం. లాటనోప్రోస్ట్ 1, టిమోలాల్ 2, బ్రిమోనిడిన్ 2, పొడి కళ్ళ చుక్కలు 4, ఎరుపు చుక్కలు 3. మొత్తం ఒక్కో కంటికి రోజుకు 12, నెలకు 360. షాపులో తెచ్చిన రెండూ మామూలు సీసాలే అయితే ఆ ప్రతి చుక్కలోనూ ఏదో ఒక ప్రిజర్వేటివ్ ఉండే అవకాశం ఎక్కువ. జబ్బు కోసం వేస్తున్నవి అయిదే. మిగతా ఏడూ ఆ అయిదింటి బాధ తగ్గడానికని వేస్తున్నవి!

కాబట్టి మొదటి మార్పు సులువైనదే. పొడి కళ్ళ చుక్కలను ప్రిజర్వేటివ్ ఫ్రీ రకానికి మార్చండి. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం గానీ సోడియం హయాలురొనేట్ 0.1 శాతం గానీ సరిపోతుంది. ఇవి రెండు రూపాల్లో దొరుకుతాయి. ఒకటి చిన్న చిన్న ప్లాస్టిక్ గొట్టాలు, తెరిచిన రోజే వాడి పారేసేవి. రెండోది గాలి, క్రిములు లోపలికి పోకుండా ప్రత్యేకమైన మూత ఉన్న సీసా. పల్లెలో ఉండే పెద్దావిడకు రెండోదే మేలని మా అభిప్రాయం. గొట్టాలు తెంచడం వేళ్ళకు కష్టం, మిగిలింది రేపటికని దాచిపెట్టడం మన అలవాటు. ఖరీదు మామూలు సీసా కంటే ఎక్కువే. అన్నీ ఒకేసారి మార్చే స్తోమత లేకపోతే రోజులో ఎక్కువసార్లు పడే చుక్కను ముందు మార్చాలి. ఇక్కడ అది పొడి కళ్ళ చుక్కే.

ఇక్కడే ఒక చిన్న సంగతి. మందు శాతం తక్కువ ఉంటే కంటికి సుతారంగా ఉంటుందనుకోకండి. బైమటోప్రోస్ట్ అనే గ్లకోమా మందు మొదటి బ్రాండులో 0.03 శాతం సీసాలో బెంజాల్కోనియం 0.005 శాతం. తర్వాత తెచ్చిన 0.01 శాతం సీసాలో అది 0.02 శాతం. మందు మూడో వంతుకు తగ్గింది, నిల్వ రసాయనం నాలుగింతలైంది. అందుకే లేబుల్ మీద రెండు పేర్లూ చదవాలి. షాపులో ‘అదే మందు, వేరే కంపెనీ’ అని ఇచ్చినప్పుడు కూడా ప్రిజర్వేటివ్ మారి ఉండొచ్చు.

దురద ఎక్కడిది?

మంట, గరగర నిల్వ రసాయనం వైపు చూపిస్తున్నాయి. రెప్పల ఎరుపు, దురద మాత్రం వేరే దారి చూపిస్తున్నాయి. మీరు ఇచ్చిన తేదీలే ఆధారం. బ్రిమోనిడిన్ మొదలై ఏడాది, దురద మొదలై ఆరు నెలలు. ఈ మందుకు ఎలర్జీ వచ్చే తీరు సరిగ్గా ఇదే. మొదటి రోజునే రాదు, నెలల తరబడి హాయిగా వాడాక వస్తుంది. తెల్లగుడ్డు ఎర్రబడుతుంది, కింది రెప్ప లోపలి వైపు చిన్న చిన్న పొక్కుల్లా లేస్తుంది, రెప్ప చర్మం గరుకై పొట్టు లేస్తుంది. వాడేవాళ్ళలో పదిమందిలో ఒకరికో అంతకంటే ఎక్కువమందికో వచ్చేంత మామూలు ఎలర్జీ ఇది. ప్రిజర్వేటివ్ మార్చినా పోదు, మందే మార్చాలి. మార్చాక రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది. ఆ మార్పు డాక్టరే చేయాలి. దాని స్థానంలో ఇంకొకటి పెట్టకుండా తీసేస్తే ప్రెషర్ పెరుగుతుంది.

మిగతా రెండు మందుల మీదా కొంత నేరం ఉంది. టిమోలాల్ కన్నీటి ఊటను తగ్గిస్తుంది, నల్లగుడ్డు స్పర్శను కాస్త మొద్దుబారుస్తుంది. ఏళ్ళ నాటి షుగర్ కూడా నల్లగుడ్డు నరాలను అలాగే మొద్దుబారుస్తుంది కనుక అమ్మగారి విషయంలో ఈ రెండూ తోడవుతాయి. కన్ను ఎంత దెబ్బతిన్నదో అంత నొప్పి తెలియకపోవచ్చు. షుగర్‌కు ఇన్సులిన్ వాడుతుంటే ఇంకో మాట: చక్కెర పడిపోయినప్పుడు వచ్చే గుండెదడను టిమోలాల్ కప్పిపుచ్చగలదు. ఉబ్బసం, నాడి నెమ్మదిగా కొట్టుకోవడం ఉన్నవాళ్ళకు ఇది తగదు. ఈ సంగతి కంటి డాక్టరుకూ, షుగర్ డాక్టరుకూ ఇద్దరికీ తెలియాలి. లాటనోప్రోస్ట్ మొదట్లో కళ్ళను ఎర్రబరుస్తుంది, రెప్పవెంట్రుకలు పొడవు పెరుగుతాయి, కంటి చుట్టూ చర్మం నల్లబడుతుంది. రెప్ప అంచుల్లోని నూనె గ్రంథులు మూసుకుపోవడంలోనూ దానికి పాత్ర ఉంది.

షాపు ఇచ్చిన ఎరుపు సీసా

పదిహేను రోజుల్లో నయంగా అనిపించిందన్న మాటే మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది. ఎరుపును అంత త్వరగా తగ్గించేవి రెండు రకాలు. ఒకటి స్టెరాయిడ్. లేబుల్ మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథోలోన్, లోటెప్రెడ్నోల్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. చాలాసార్లు ఒక యాంటీబయాటిక్‌తో కలిపి ఉంటుంది, షాపులో ‘యాంటీబయాటిక్ చుక్కలు’ అనే ఇస్తారు. స్టెరాయిడ్ కంటి ప్రెషర్‌ను పెంచుతుంది, సాధారణంగా రెండు నుంచి ఆరు వారాల్లో. నీటికాసులు ఉన్నవాళ్ళలో ఇలా పెరిగే అవకాశం మామూలు వాళ్ళకంటే చాలా ఎక్కువ. కన్ను తెల్లబడుతుంది, మంట తగ్గుతుంది, లోపల నరం మీద ఒత్తిడి పెరుగుతుంటుంది. పోయిన నెల చూసిన 14 ఈ సీసా మొదలవక ముందుది కనుక ఇప్పుడు ఆ అంకె చెల్లదు.

రెండో రకం నాఫాజోలిన్ లాంటివి. రక్తనాళాలను ముడుచుకునేలా చేసి తెల్లగా కనిపించేలా చేస్తాయి. ప్రభావం దిగగానే మునుపటికంటే ఎర్రబడుతుంది, మళ్ళీ వేయబుద్ధవుతుంది. పైగా ఇవి కంటిపాపను పెద్దది చేయగలవు. కంట్లో నీరు బయటికి పోయే మూల ఇరుకుగా ఉన్న రకం గ్లకోమాలో అది ప్రమాదం. అమ్మగారిది మూల తెరిచి ఉన్న రకమా, ఇరుకైన రకమా అన్నది పాత చీటీల్లో రాసి ఉంటుంది, లేకపోతే అడగండి.

ఏ రకమైనా సరే రెండు మూడు రోజుల్లో కంటి డాక్టరుకు చూపించి ప్రెషర్ కొలిపించండి. ‘ఇది ఇన్ని రోజులు వేశాం’ అని సీసా చేతిలో పెట్టండి. స్టెరాయిడ్ పేరు ఉంటే ఎలా ఆపాలో ఆ రోజే చెబుతారు. కొన్నిసార్లు కంటి పైపొర వాపును తగ్గించడానికి డాక్టర్లే తక్కువ రోజులకు తేలికపాటి స్టెరాయిడ్ రాస్తారు. తేడా ఏమిటంటే వాళ్ళు మొదలుపెట్టే రోజూ ఆపే రోజూ రాసిస్తారు, మధ్యలో ప్రెషర్ చూస్తారు.

మానేసిన రాత్రులు

‘వారం ఆపి చూడొచ్చా’ అన్నదానికి ఇంకో కారణంతోనూ వద్దంటున్నాం. లాటనోప్రోస్ట్, టిమోలాల్ ప్రభావం పూర్తిగా దిగడానికి నాలుగు వారాల దాకా పడుతుంది. వారంలో మంట పూర్తిగా తగ్గదు, ప్రెషర్ సంగతీ తేలదు, ఆ ప్రయోగం ఏమీ చెప్పదు. ఇదే లెక్క రెండో వైపు కూడా పనిచేస్తుంది. చెకప్‌కు ముందు కొన్ని రోజులు శ్రద్ధగా వేసుకుంటే ఆ రోజు అంకె అందంగానే వస్తుంది. మానేసిన రాత్రుల సంగతి ఆ 14లో కనబడదు.

డాక్టరుకు చెప్పొద్దన్న అమ్మగారి మాట వినకండి. చెప్పకపోతే ఏమవుతుందంటే, నరం దెబ్బతింటున్నట్టు తర్వాతి పరీక్షలో తేలితే ‘మూడు మందులూ చాలడం లేదు’ అనుకుని నాలుగోది కలుపుతారు. మంట ఇంకా పెరుగుతుంది, మానేసే రాత్రులు ఇంకా పెరుగుతాయి. ఇలా చెప్పండి చాలు: ‘మంట వల్ల వారంలో రెండు మూడు రాత్రులు వేసుకోవడం లేదండి, మంట లేని మార్గం చూడండి.’

చుక్క వేసే తీరు

చుక్కలు ఎవరు వేస్తున్నారో మీరు రాయలేదు. ఎవరు వేసినా తీరు ఇది. చేతులు కడుక్కోవాలి. తల వెనక్కి వాల్చి కింది రెప్పను వేలితో కిందికి లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. సీసా మొన రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ తగలకుండా ఒక్క చుక్క. రెండోది వద్దు. కంట్లో మామూలుగా ఉండే కన్నీరు దాదాపు 7 మైక్రోలీటర్లు, రెప్పల మధ్య చోటు మహా అయితే 30 పడుతుంది, సీసా నుంచి పడే చుక్కే 30 నుంచి 50 ఉంటుంది. అంటే మొదటి చుక్కలోనే కొంత వృథా. రెండోది మొత్తం చెంపకే.

వేశాక కన్ను సున్నితంగా మూసి, ముక్కు పక్కన కంటి లోపలి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కిపట్టాలి. మందు ముక్కులోకి, అక్కణ్ణుంచి రక్తంలోకి పోవడం తగ్గుతుంది. టిమోలాల్ విషయంలో ఇది మరీ ముఖ్యం. రెప్పలు టపటపా కొట్టకూడదు, గట్టిగా బిగించకూడదు. తర్వాత తడి దూదితో రెప్ప మీద, చెంప మీద కారినదాన్ని తుడవాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ తుడవడమే. రెప్ప చర్మం నల్లబడటం, పొట్టు లేవడం చాలావరకు ఈ కారిన మందు వల్లే.

ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ మధ్య కనీసం 5 నిమిషాలు. వెంటవెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. గ్లకోమా చుక్కలు ముందు, పొడి కళ్ళ చుక్కలు 10–15 నిమిషాల తర్వాత, జెల్ లేదా ఆయింట్‌మెంట్ ఉంటే అన్నిటికన్నా ఆఖరున. రాత్రి చుక్కకు అమ్మగారు భయపడుతున్నారు కనుక ఒక ఉపాయం. పడుకునేటప్పుడు కాకుండా ఎనిమిదింటికి, కళ్ళు ఇంకా ఎండిపోక ముందు వేయండి. ఈ ఒక్కదానికి పై వరస మార్చి, పావుగంట ముందు ప్రిజర్వేటివ్ ఫ్రీ చుక్క ఒకటి వేస్తే ఎండిన పైపొర మీద మందు నేరుగా పడదు. లాటనోప్రోస్ట్‌ను రోజూ ఒకే వేళకు వేస్తే చాలు, ఆ వేళ పడక వేళే కానక్కర్లేదు.

తెరవని లాటనోప్రోస్ట్ సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తెరిచాక 25 డిగ్రీల దాకా బయట ఉంచవచ్చంటారు గానీ ఖమ్మం ఎండల్లో ఇంట్లో 25 డిగ్రీలు ఎక్కడ దొరుకుతుంది? ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, డీప్ ఫ్రీజర్‌లో వద్దు. చల్లటి చుక్క పడినట్టు తెలుస్తుంది, మంట కూడా కాస్త తక్కువ. తెరిచిన తేదీ సీసా మీద పెన్నుతో రాసి, నెల దాటాక మిగిలినా పారేయండి.

రెప్పల అంచులు

ఒక్కో రెప్ప అంచున 20 నుంచి 40 దాకా నూనె గ్రంథులు ఉంటాయి. కన్నీటి పైపొర నూనె వీటిలోంచే వస్తుంది. మూసుకుపోతే నూనె గడ్డకట్టి వెన్నలా తయారవుతుంది, వెన్న కరగాలంటే సెగ కావాలి. శుభ్రమైన గుడ్డను వేడి నీళ్ళలో ముంచి పిండి, ముంజేతి మీద పెట్టి చూసుకుని మూసిన రెప్పల మీద వేయాలి. షుగర్ ఉన్నవాళ్ళకు వేడి సరిగా తెలియకపోవచ్చు కనుక చూసేది మీ చేత్తో, అమ్మగారి చేత్తో కాదు. గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, అక్కడితో ఆపేస్తే ఫలితం ఉండదు. మళ్ళీ మళ్ళీ ముంచుతూ 5 నుంచి 10 నిమిషాలు కాయాలి. వెంటనే పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల వైపుకు వేలితో మెల్లగా రాయాలి. గుడ్డును నొక్కకూడదు. గ్లకోమాకు ఆపరేషన్ అయిన కన్నయితే డాక్టరును అడగకుండా ఈ రాయడం అసలు వద్దు. ఆఖరున కాచి చల్లార్చిన నీళ్ళలో తడిపిన దూదితో వెంట్రుకల మొదళ్ళలోని పొట్టు తుడిచేయాలి. రోజుకు ఒకటి రెండుసార్లు. ఫలితం కనిపించడానికి నెల పైనే పడుతుంది, ఓపిక పట్టాలి.

కాటుక మానిపించండి, గ్రంథుల నోళ్ళు మూసేది అదీ ఒకటి. నందివర్ధనం పూల రసం, తేనె, ఆముదం, చనుబాలు, రోజ్ వాటర్ కంట్లో పోయడం మన పల్లెల్లో ఇంకా ఉంది. పైపొర చెదిరిన కంట్లో వీటిలో ఏది పోసినా నల్లగుడ్డు మీద పుండు పడే దారి తెరిచినట్టే. పువ్వును మూసిన రెప్ప మీద చల్లదనానికి పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, రసం మాత్రం వద్దు. ఫ్యాను, కూలరు గాలి నేరుగా మొహానికి తగలకుండా మంచం జరపండి. టీవీ, ఫోను చూసేటప్పుడు రెప్పపాటు సగానికీ అంతకంటే తక్కువకూ పడిపోతుంది. సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా కళ్ళు పది సెకన్లు మూసుకోమనండి. చేప నూనె మాత్రల గురించి ఎవరైనా చెప్పారా? రోజుకు 3000 మిల్లీగ్రాముల ఒమేగా-3 ఏడాది పాటు ఇచ్చి చూసిన డ్రీమ్ అధ్యయనంలో, 2018లో, ఆలివ్ నూనె మాత్రల కంటే మేలేమీ కనిపించలేదు. చేపల కూర ఇష్టమైతే తినమనండి, మాత్రలకు డబ్బు పెట్టొద్దు. ఆ డబ్బు ప్రిజర్వేటివ్ ఫ్రీ చుక్కలకు పనికొస్తుంది.

డాక్టరు దగ్గర

‘పైపొర ఎలా ఉందో చూడండి’ అని అడగండి. పరీక్షలు చిన్నవే. నారింజ రంగు కాగితపు పట్టీని కంటికి తాకించి నీలి వెలుగులో చూస్తే దెబ్బతిన్న చోట్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. రెప్ప కొట్టాక కన్నీటి పొర చెదరడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెడతారు, 10 కంటే తక్కువైతే కన్నీరు నిలవడం లేదన్నమాట. కాగితపు పట్టీని కింది రెప్పలో 5 నిమిషాలు ఉంచి ఎంత తడిసిందో కొలుస్తారు, 5 మిల్లీమీటర్లకు మించకపోతే కన్నీటి ఊటే తక్కువ. ఆ రోజు పొడి కళ్ళ చుక్కలు ఎప్పుడు వేశారో ముందే చెప్పండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

తర్వాత డాక్టరు చేయగల మార్పులు కొన్ని ఉన్నాయి. బ్రిమోనిడిన్ ఎలర్జీ అని తేలితే దాన్ని తీసేసి, డోర్జోలమైడ్, టిమోలాల్ కలిసిన ఒకే సీసాను రోజుకు రెండుసార్లకు మార్చవచ్చు. డోర్జోలమైడ్ కాస్త ఆమ్లగుణం ఉన్న మందు కనుక వేయగానే చురుక్కుమంటుంది, నోట్లో చేదు తగులుతుంది. చురుకు నిమిషంలో పోతే భయం లేదు. సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పాలి. లాటనోప్రోస్ట్‌లో బెంజాల్కోనియం లేని రకాలున్నాయి, అదే కోవకు చెందిన టాఫ్లుప్రోస్ట్ ప్రిజర్వేటివ్ లేకుండా కూడా వస్తుంది. ఇలా మారిస్తే బెంజాల్కోనియం ఉన్న చుక్కలు రోజుకు 12 దాకా ఉన్నవి 2కు దిగుతాయి, జబ్బుకు మందులు మాత్రం మూడూ ఉంటాయి. ఏ మార్పు చేసినా నాలుగు నుంచి ఆరు వారాల్లో ప్రెషర్ మళ్ళీ కొలిపించుకోవాలి. పైపొర వాపు ఎక్కువ ఉంటే సైక్లోస్పోరిన్ 0.05 శాతం చుక్కలు కొన్ని నెలలకు రాస్తారు. మొదటి వారాల్లో అవీ మండుతాయి, పనిచేయడం నెలకు గానీ మొదలవదు. ఈ సంగతి ముందు చెప్పకపోవడం వల్లే చాలామంది పదో రోజున మానేస్తారు.

మూల తెరిచి ఉన్న రకమైతే లేజర్ గురించి తప్పకుండా అడగండి. ఎస్‌ఎల్‌టీ అంటారు, కొన్ని నిమిషాల పని, కోత ఉండదు. బ్రిటన్‌లో చేసిన లైట్ అధ్యయనంలో కొత్తగా జబ్బు తేలినవాళ్ళకు మొదటే ఈ లేజర్ చేస్తే మూడేళ్ళ తర్వాత 74 శాతం మంది చుక్కలు లేకుండానే ప్రెషర్ అదుపులో ఉంచుకోగలిగారు. 2019లో ఆ ఫలితాలు వచ్చాయి. నాలుగేళ్ళుగా మూడు మందులు వాడుతున్న కంట్లో అంత ఆశించకూడదు. ఒక సీసా తగ్గినా ఈ కళ్ళకు అది పెద్ద లాభమే. శుక్లం కూడా ఉండి ఆపరేషన్ ఆలోచన ఉంటే ముందు పైపొరను బాగుచేసుకోవాలి. ఎండిన నల్లగుడ్డు మీద తీసిన కొలతలు తప్పుతాయి, లెన్సు పవరూ తప్పుతుంది. గ్లకోమా ఆపరేషన్‌కూ ఇదే వర్తిస్తుంది. ఏళ్ళ తరబడి వాచి ఉన్న పొర మచ్చకట్టి, కంట్లో నీరు బయటికి పోవడానికి కొత్తగా చేసిన దారిని మూసేసే అవకాశం ఎక్కువ.

పక్కచూపు పరీక్ష ఉన్న రోజు, యంత్రం ముందు కూర్చోవడానికి కాసేపు ముందు ప్రిజర్వేటివ్ ఫ్రీ చుక్క ఒకటి వేయండి, మధ్యలో రెప్ప కొట్టుకోవచ్చని అమ్మగారికి చెప్పండి. కన్నీటి పొర చెదిరి మసక కమ్మితే వెలుగు చుక్కలు కనిపించక, లేని నష్టం ఉన్నట్టు కాగితం మీద వస్తుంది.

వీటిలో ఏదైనా కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు వెళ్ళాలి: కన్ను తెరవలేనంత నొప్పి, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ, చిక్కటి పుసి, ఉన్నట్టుండి చూపు తగ్గడం, దీపాల చుట్టూ రంగుల వలయాలతో పాటు తలనొప్పి, వాంతులు. వెళ్ళేటప్పుడు అయిదు సీసాలూ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి, ఖాళీ అయినవి కూడా.